విత్తనం, నేల, కాస్త కొవ్వు

మా పెద్దమ్మ స్కాన్ రిపోర్టులో ‘ఒమెంటల్ కేక్’ అనే మాట చూసినప్పుడు ముందు అచ్చుతప్పేమో అనుకున్నాను. ఆస్పత్రి కాగితంలో కేకేమిటి? ఫోన్లో వెతికితే తెలిసింది. కడుపులో, జీర్ణాశయం కింది అంచు నుంచి పేగుల ముందుగా ఏప్రన్ లాగా వేలాడే కొవ్వు పొర ఒకటుంది. దాని పేరు ఒమెంటమ్. అండాశయంలో పుట్టిన క్యాన్సర్ అక్కడికి పాకి, ఆ మెత్తటి పొర కాస్తా గట్టిపడి దిబ్బరొట్టెలా మందమైతే రేడియాలజీ వాళ్ళు దానికి పెట్టుకున్న పేరది.

పెద్దమ్మ బొద్దుగా ఉండేది. పెళ్ళిళ్ళకెళ్తే ప్లాస్టిక్ కుర్చీని ఒకసారి నొక్కి చూసి గానీ కూర్చునేది కాదు. జబ్బు సంగతి తెలిసి చూడ్డానికొచ్చిన చుట్టాల్లో ఒకావిడ గది బయట నిలబడి, లోపలికి వినపడేంత గొంతుతో, “ఒళ్ళు తగ్గించుకోమని ఎంత మొత్తుకున్నాం, వింటేగా!” అంది. ఆ రాత్రి పెద్దమ్మ నన్నడిగింది: “నిజంగా నా కొవ్వే నన్ను తింటోందా నాన్నా? నువ్వు చదువుకున్నావుగా, చెప్పు.”

“అలాంటిదేం లేదు పెద్దమ్మా, పడుకో,” అన్నాను. నేనన్నది నిజమో అబద్ధమో నాకే తెలీదు.

ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఆ ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. నేను డాక్టర్ని కాను. చరిత్ర చదువుకునే అలవాటున్నవాణ్ణి. అందుకని నాకు తెలిసిన దారిలోనే వెళ్ళాను. కొవ్వుకీ క్యాన్సర్ పాకడానికీ సంబంధం ఉందని అసలు మొదట ఎవరికి అనిపించింది? ఎందుకు అంత ఆలస్యంగా అనిపించింది?

*

తెలుగులో కొవ్వు అనే మాట ఎప్పుడూ ఒంటరిగా రాదు, వెనకాల ఒక తిట్టు తెచ్చుకుంటుంది. ‘వాడికి కొవ్వెక్కింది’, ‘ఒళ్ళు కొవ్వి మాట్లాడుతోంది’, ‘ఏం బలుపురా నీకు’. పొగరుకీ, తిన్నది అరక్కపోవడానికీ అన్నిటికీ అదే మాట. సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘మేదస్సు’ నయం, దానికి కొంచెం మర్యాద ఉంది. ఎంత మర్యాదంటే చాలామంది దాన్ని ‘మేధస్సు’ అని పొరపాటు పడతారు. ఒక్క ఒత్తు తేడా.

ఆయుర్వేదం మేదస్సుని ఏడు ధాతువుల్లో ఒకటిగా లెక్కపెట్టింది. రసం, రక్తం, మాంసం తర్వాత మేదస్సు, ఆ తర్వాత ఎముక, మజ్జ, శుక్రం. అంటే ఒంటిని నిలబెట్టే సరుకుల్లో అదీ ఒకటి. మేదస్సు ప్రవహించే దారులకి మూత్రపిండాలూ ‘వపావహనం’ మూలమని చరక సంహిత చెబుతుంది. వప అంటే మన కథలోని ఆ కడుపు కొవ్వు పొరే. యజ్ఞంలో పశువు నుంచి తీసి అగ్నికిచ్చే భాగం. సుశ్రుతుడు అర్బుదాల రకాలు చెబుతూ మేదస్సు వల్ల వచ్చేదాన్నీ ఒక రకంగా లెక్కపెట్టాడు. ఇంతవరకూ వచ్చాక ‘చూశారా, మనవాళ్ళకి అప్పుడే తెలుసు’ అనెయ్యడం తేలిక. నేననను. సుశ్రుతుడి మేదోజ అర్బుదం ఇప్పటి క్యాన్సర్ కాదు, చాలావరకు చర్మం కింద కదిలే మామూలు కొవ్వుగడ్డ అయ్యుంటుంది. కానీ కొవ్వుని తిట్టుగా కాకుండా ధాతువుగా చూడటం మాత్రం నాకు నచ్చింది.

గ్రీకు వైద్యుడు గాలెన్ కథ ఇంకా బావుంటుంది. రెండో శతాబ్దంలో, పెర్గమన్ ఊళ్ళో గ్లాడియేటర్లకి వైద్యం చేసేవాడాయన. ఒక గ్లాడియేటర్‌కి కడుపులో పోటు తగిలి ఒమెంటమ్ బయటికొచ్చేస్తే దాదాపు మొత్తం కోసెయ్యాల్సి వచ్చింది. మనిషి బతికాడు గానీ ఆ తర్వాత చలికి తట్టుకోలేకపోయేవాడట. దాంతో గాలెన్ తేల్చేశాడు, ఒమెంటమ్ పని పేగులకి దుప్పటి కప్పడమని. క్యాన్సర్ సంగతి వేరే. అది నల్లపిత్తం పేరుకుపోవడం వల్ల వస్తుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని యూరప్ వెయ్యేళ్ళకు పైగా మోసింది. కొవ్వు దుప్పటి, క్యాన్సర్ పిత్తం. రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకునే అవకాశమే లేదు.

*

1889లో లండన్‌లో స్టీఫెన్ పేజెట్ అనే సర్జన్ లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది రికార్డులు ముందేసుకుని ఒక చిన్న ప్రశ్న అడిగాడాయన: జబ్బు రొమ్ము నుంచి బయల్దేరి ఎక్కడెక్కడికి వెళ్ళింది? అప్పట్లో చాలామంది అనుకున్నది, క్యాన్సర్ ముక్కలు నెత్తుట్లో కొట్టుకుపోయి ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ గడ్డ కడతాయని. అదే నిజమైతే పెద్ద రక్తనాళమున్న ప్రతి అవయవానికీ ముప్పు సమానంగా ఉండాలి. పేజెట్ లెక్కలో కాలేయానికి పాకింది 241 మందిలో. ప్లీహానికి పాకింది 17 మందిలో. ప్లీహానికి రక్తమేం తక్కువ పోదు.

గాలికి కొట్టుకుపోయే విత్తనాలు అన్ని దిక్కులా పడతాయి, తమకి సరిపడే నేల మీద పడ్డవే మొలుస్తాయి అన్నది పేజెట్ పోలిక. చౌడు నేలలో ఎంత మంచి విత్తనం చల్లినా ఒకటేనని మన పల్లెల్లో ఎవరికీ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. వైద్యానికి మాత్రం అది కొత్త మాట. ఆ ఆలోచన తనది కాదనీ, కంటి వైద్యుడు ఫుక్స్‌దనీ కూడా పేజెట్ ఒప్పుకున్నాడు. అందరూ విత్తనాన్నే చూస్తున్నారు, కాస్త నేలని కూడా చూడండి అన్నది ఆయన మొర.

ఎవరూ చూడలేదు. 1920లలో అమెరికాలో జేమ్స్ యూయింగ్ అనే పెద్ద పేరున్న పాథాలజిస్టు ఇదంతా గొట్టాల వ్యవహారమన్నాడు. రక్తమూ లింఫూ ఎటు పారితే క్యాన్సర్ అటు పోతుంది, అంతే. ఆ మాటే కొన్ని దశాబ్దాలు చెల్లింది. 1980లో ఇయాన్ హార్ట్, ఐజయా ఫిడ్లర్ ఎలుకల మీద చేసిన ప్రయోగంతో పేజెట్ మళ్ళీ లేచాడు. ఎలుకల ఒంట్లో వేరే చోట్ల ఊపిరితిత్తి, అండాశయం, మూత్రపిండం ముక్కలు అతికించి, మెలనోమా కణాలని నెత్తుట్లోకి వదిలారు. అన్ని ముక్కలకీ రక్తం అందుతూనే ఉంది. గడ్డలు మాత్రం ఊపిరితిత్తి, అండాశయం ముక్కల్లోనే లేచాయి. మూత్రపిండం ముక్కలో లేవలేదు. పేజెట్ వ్యాసానికీ ఈ ప్రయోగానికీ మధ్య 91 ఏళ్ళు.

నేల సంగతి తేలింది. కానీ ఆ నేలలో కొవ్వు కూడా ఉందని ఎవరికైనా తట్టిందా?

*

తట్టింది, వేరే దారిలో. 1914లో పేటన్ రౌస్ ఎలుకలకి తిండి తగ్గించి పెడితే వాటి గడ్డలు నెమ్మదించడం గమనించాడు. తర్వాత 1940లలో చికాగోలో ఆల్బర్ట్ టానెన్‌బామ్ ఆ పనిని పట్టుదలగా ముందుకి తీసుకెళ్ళాడు. సగం కడుపుతో పెరిగిన ఎలుకల్లో గడ్డలు తక్కువ వస్తున్నాయనీ, వచ్చినా ఆలస్యంగా వస్తున్నాయనీ చూపించాడు. మనుషుల్లో బరువుకీ క్యాన్సర్‌కీ లంకె ఉందా అని ఇన్సూరెన్స్ కంపెనీల లెక్కలు కూడా తిరగేశాడు. ఉన్నట్టే కనిపించింది. కానీ ఆ లంకె లోపల ఏముందో చెప్పడానికి ఆయన దగ్గర పనిముట్లు లేవు. అప్పటి వైద్యానికి కొవ్వంటే గోదాం. మిగిలిన ధాన్యం పడేసే గాదె. గాదెకి నోరుంటుందని ఎవరనుకుంటారు?

ఆ నోరు మొదట హార్మోన్ల రూపంలో వినపడింది. దానికి కాస్త వెనక్కి వెళ్ళాలి. 1896లో గ్లాస్గోకి చెందిన జార్జ్ బీట్సన్ ఒక విచిత్రమైన చికిత్స గురించి రాశాడు. అండాశయాలు తీసేస్తే ఆవుల పాలు ఎండిపోకుండా వస్తాయని పాడి రైతులకి తెలుసని ఆయన విన్నాడు. అంటే ఎక్కడో కడుపులో ఉన్న అండాశయం దూరంగా ఉన్న రొమ్ముని నడిపిస్తోందన్నమాట. ఆపరేషన్‌కి లొంగని రొమ్ము క్యాన్సర్ ఉన్న 33 ఏళ్ళ స్త్రీకి అండాశయాలు తీసేశాడు. గడ్డ కరిగింది. మళ్ళీ వచ్చింది గానీ ఆమెకి కొన్నేళ్ళ ఆయుష్షు దొరికింది. అప్పటికి హార్మోన్ అనే మాటే పుట్టలేదు.

మరి ముట్లు ఆగిపోయి అండాశయాలు పని చాలించిన ఆడవాళ్ళ సంగతేమిటి? వాళ్ళలోనే కదా రొమ్ము క్యాన్సర్ ఎక్కువ! 1970లలో అమెరికాలో సీటెరి, మక్‌డొనాల్డ్, వాళ్ళ సహచరులు దీనికి జవాబు కనుక్కున్నారు. ఎడ్రినల్ గ్రంథులు వదిలే ఒక హార్మోన్‌ని కొవ్వు కణజాలం ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తోంది. కొవ్వు ఎక్కువుంటే ఆ మార్పిడీ ఎక్కువే. ఆ పని చేసే ఎంజైమ్ అరోమటేజ్. ఇవాళ రొమ్ము క్యాన్సర్ చికిత్సలో రోజూ వేసుకునే లెట్రోజోల్, అనస్ట్రోజోల్ మాత్రలు ఆపేది దాన్నే. మన ఇళ్ళల్లో ఎంతోమంది పిన్నులూ అత్తయ్యలూ తలగడ పక్కన ఆ స్ట్రిప్ పెట్టుకుని పడుకుంటున్నారు.

1994లో గాదె పూర్తిగా నోరు విప్పింది. అమెరికాలోని జాక్సన్ లాబొరేటరీలో 1949లో ఒక విపరీతమైన లావు ఎలుక కనపడింది. ఎంత తిన్నా దానికి ఆకలి తీరదు. దాన్నీ మామూలు ఎలుకనీ పక్కపక్కనే కుట్టి రక్తం కలిసేలా చేస్తే లావు ఎలుక తిండి తగ్గించేసింది. అంటే మామూలు ఎలుక నెత్తుట్లో ‘ఇక చాలు’ అనే కబురేదో ఉంది. డగ్లస్ కోల్మన్ ఇంతవరకూ తీసుకొచ్చిన ఆ కథని జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ముగించింది. ఆ కబురు పంపే జన్యువు దొరికింది. ఆ కబురు పుట్టేది కొవ్వు కణాల్లోనే. సన్నం అనే అర్థమున్న గ్రీకు మాటతో దానికి లెప్టిన్ అని పేరు పెట్టారు. అప్పటినుంచి కొవ్వుని గోదాం అనడానికి వీల్లేకపోయింది. అదొక గ్రంథి. దాదాపు ఒళ్ళంతా పరుచుకున్న గ్రంథి.

2003లో ఇంకో సంగతి బయటపడింది. కొవ్వు బాగా పెరిగినచోట మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు గుంపులుగా చేరుతున్నాయి. కణాలు ఉబ్బి ఉబ్బి చచ్చిపోతుంటే వాటిని ఎత్తిపోయడానికి వచ్చినవి అవి. వచ్చి ఊరికే ఉండవు, వాపు రసాయనాలు వదులుతూనే ఉంటాయి. పుండు మానకుండా ఏళ్ళ తరబడి సలుపుతున్నట్టు. క్యాన్సర్‌కి అలాంటి చోటు ఇష్టం. హెరాల్డ్ డ్వోరాక్ అయితే 1986లోనే కణితుల్ని మానని పుండ్లతో పోల్చాడు. పేజెట్ భాషలో చెప్పాలంటే నేలకి ఎరువు పడుతోంది.

*

అదే 2003లో అంకెలు కూడా వచ్చాయి. యూజీనియా కాలీ, ఆమె సహచరులు దాదాపు 9 లక్షల మంది అమెరికన్లని 1982 నుంచి 16 ఏళ్ళపాటు గమనించిన లెక్కలు అచ్చువేశారు. అమెరికాలో క్యాన్సర్ మరణాల్లో మగవాళ్ళలో 14 శాతం దాకా, ఆడవాళ్ళలో 20 శాతం దాకా అధిక బరువు ఖాతాలో పడొచ్చని వాళ్ళ అంచనా. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ, అధిక కొవ్వు లేకపోవడం 13 రకాల క్యాన్సర్ల ముప్పుని తగ్గిస్తుందని తేల్చింది. ఆ జాబితాలో అండాశయం కూడా ఉంది.

ఆ పట్టిక మొదటిసారి చూసినప్పుడు నాకు చెయ్యి వణికింది. గది బయట నిలబడి ఆ చుట్టం అన్నమాట నిజమే అన్నమాట! కానీ పట్టికని పక్కకి కూడా చదవాలి. సాధారణ బరువున్నవాళ్ళతో పోలిస్తే బాగా లావున్నవాళ్ళకి గర్భాశయ క్యాన్సర్ ముప్పు 7 రెట్లు. అండాశయానికి ఆ అంకె 1.1. అంటే సన్నటివాళ్ళు 100 మందికి వచ్చేచోట లావుగా ఉన్నవాళ్ళు 110 మందికి వస్తుంది. ఆ 110 మందిలో మా పెద్దమ్మ మొదటి వందలో ఉందో, చివరి పదిమందిలో ఉందో చెప్పగలిగే పరీక్ష ఏదీ లేదు. ఇంకో మెలిక కూడా ఉంది. ముట్లు ఆగని వయసులో లావుగా ఉన్న ఆడవాళ్ళకి రొమ్ము క్యాన్సర్ ముప్పు కాస్త తక్కువ. కొవ్వు ఎప్పుడూ ఒకే వైపు నిలబడదు.

వచ్చిన జబ్బు ఎందుకు అక్కడికే పాకింది అన్నది వేరే ప్రశ్న. నా కథ అక్కడే ఉంది.

ఒమెంటానికి గాలెన్ దుప్పటి తర్వాత ఇంకో బిరుదు కూడా దక్కింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రూథర్‌ఫర్డ్ మోరిసన్ అనే ఇంగ్లీషు సర్జన్ దాన్ని ‘కడుపులో పోలీసు’ అన్నాడు. ఎక్కడ చీము పట్టినా, ఎక్కడ చిల్లు పడినా వెళ్ళి చుట్టుకుని అడ్డం పడుతుంది కాబట్టి. అలాంటి పోలీసు దగ్గరికే అండాశయ క్యాన్సర్ ఎందుకు ముందుగా పరిగెడుతుంది? చికాగో విశ్వవిద్యాలయంలో ఎర్న్‌స్ట్ లెంగెల్ ప్రయోగశాల 2011లో జవాబిచ్చింది. క్రిస్టిన్ నీమన్, సహచరులు క్యాన్సర్ కణాలని ఎలుకల కడుపులోకి వదిలితే అవి చాలా త్వరగా ఒమెంటాన్ని చేరాయి. కొవ్వు కణాలు వదిలే సంకేతాలు వాటిని రమ్మని పిలుస్తున్నాయి. చేరాక జరిగేది ఇంకా ఘోరం. పక్కనున్న కొవ్వు కణం తన నిల్వ కరిగించుకుంటుంది, కరిగిన కొవ్వు ఆమ్లాలు క్యాన్సర్ కణంలోకి పోతాయి, క్యాన్సర్ కణం వాటిని కాల్చుకుని పెరుగుతుంది. ఈ చేరవేతలో ఎఫ్‌ఏబీపీ4 అనే ప్రోటీన్‌ది ముఖ్యపాత్ర. అది లేని ఎలుకల్లో ఒమెంటమ్ మీద గడ్డలు బాగా తగ్గిపోయాయి. మొత్తానికి గాదె తలుపులు లోపల్నుంచే తెరుచుకుంటున్నాయి.

2016 చివర్లో బార్సిలోనా నుంచి మరో వార్త. సాల్వడోర్ అజ్నార్ బెనిటా బృందం మనుషుల నోటి క్యాన్సర్ కణాలని ఎలుకల్లో పెంచి, వాటిలో పాకే శక్తి ఉన్నవి ఏవా అని వెతికింది. సీడీ36 అనే, కొవ్వుని లోపలికి లాక్కునే ప్రోటీన్ ఎక్కువున్న కణాలే అవి. కొవ్వు మేపితే ఇంకా పాకాయి. సీడీ36కి యాంటీబాడీతో తాళం వేస్తే అసలు గడ్డ అక్కడే ఉంది గానీ పాకడం బాగా పడిపోయింది. నోటి క్యాన్సర్ మన దేశంలో ఎంతుందో తెలిసినవాళ్ళకి ఆ ఫలితం ఎందుకంత ఆశ పుట్టించిందో అర్థమవుతుంది. ఎలుక నుంచి మనిషికి దారి పొడుగైందన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి.

*

ఇంతా చదివాక నాకు తెలిసింది ఏమిటంటే, ఆ చుట్టం కొవ్వు అన్నప్పుడు ఉద్దేశించిన కొవ్వు వేరు, జబ్బు తిన్న కొవ్వు వేరు. ఒమెంటమ్ అందరికీ ఉంటుంది. సన్నగా రివటలా ఉన్న ఆడవాళ్ళ అండాశయ క్యాన్సర్ కూడా ఒమెంటానికి పాకుతుంది. అద్దంలో కనపడే ఒళ్ళు చూసి లోపలి నేల ఎలాంటిదో చెప్పలేం.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ 2004 లాన్సెట్‌లో వచ్చిన ఒక ఫొటో. పుణెకి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరూ డాక్టర్లే, ఇద్దరూ సన్నటివాళ్ళే. ఇద్దరి బీఎంఐ అచ్చంగా ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. మనవాళ్ళు సన్నగా కనపడుతూనే లోపల కొవ్వు దాచుకుంటారని చెప్పడానికి తమ ఒళ్ళనే చూపించుకున్నారు. వాళ్ళు మాట్లాడింది మధుమేహం గురించి. కానీ లావుగా ఉన్నవాళ్ళని వేలెత్తి చూపించే ప్రతి సన్నటి మనిషీ ఒకసారి చూడాల్సిన ఫొటో అది.

బరువు తగ్గడం మంచిది కాదని నేననట్లేదు. అంకెలు అటే ఉన్నాయి. నడవాలి, తిండి చూసుకోవాలి, నేనూ నడుస్తున్నాను. కానీ లక్షలమంది గురించి చెప్పే అంకె తీసుకొచ్చి ఒక మనిషి మంచం పక్కన తీర్పులా చదవడం వేరు. పేజెట్ నేలని చూడమన్నది రోగిని నిందించడానికి కాదు. విత్తనాన్ని చంపలేనప్పుడు కనీసం నేలకి నీళ్ళు కట్టెయ్యొచ్చేమో అన్న ఆశతో. అరోమటేజ్ మాత్రలు ఆ ఆశ నుంచి వచ్చిన పంటే.

పెద్దమ్మ చివరి నెలల్లో చాలా చిక్కిపోయింది. క్యాన్సర్ ముదిరినప్పుడు కొవ్వూ కండా కరిగిపోవడాన్ని కెకెక్సియా అంటారు. కడుపునిండా పెట్టినా ఆగేది కాదది. ఆవిడ జాకెట్లన్నీ వదులైపోయాయి. ఓపికున్న రోజున మంచం మీద కూర్చుని, తనే సూదీ దారం పట్టుకుని పక్కకుట్లు లోపలికి వేసుకునేది. కుట్టేసిన జాకెట్టు ఒకటి ఇప్పటికీ అమ్మ బీరువాలో ఉంది. పాత కుట్టు విప్పిన చోట సూది చిల్లులు వరసగా కనపడతాయి.

ఆ చుట్టం మళ్ళీ వచ్చింది. గుమ్మంలోనే నోరు కొట్టుకుని, “అయ్యో అక్కయ్యా, ఎంత చిక్కిపోయావే!” అంది.

పెద్దమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా, “నువ్వేగా తగ్గమన్నావు,” అంది.